మంచుపూల రైతు

అమెరికా దేశపు ఈశాన్యభాగమున వెర్మాంటు అను చిన్న రాష్ట్రము కలదు. అచట శీతకాలము మిక్కిలి దీర్ఘమైనది. నెలల తరబడి పొలములు, ఇండ్లకప్పులు, బాటలు మంచుక్రింద మునిగియుండును. పాడిపశువులను పెంచి జీవించు ఆ ప్రాంతపు రైతులకు మంచనిన భయమే గాని ప్రీతి లేదు. నీరు గడ్డకట్టును, దారులు మూసికొనిపోవును, పశువుల కొట్టమునకు పోవుటకు సైతము పారతో బాట చేసికొనవలసివచ్చును. అట్టి సీమలో, జెరికో అను గ్రామమున, 1865వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన ఒక రైతుకుటుంబమందు విల్సన్ బెంట్లీ జన్మించెను. ఇరుగుపొరుగువారెల్లరు చలికాలము ఎప్పుడు పోవునా యని ఎదురుచూచుచుండగా, ఈ బాలుడొక్కడు అది ఎప్పుడు వచ్చునా యని ఎదురుచూచుచుండెను.

బెంట్లీ తల్లి వివాహమునకు పూర్వము పాఠశాలలో ఉపాధ్యాయినిగా నుండెను. కుమారునకు పదునాలుగేండ్లు వచ్చువరకు ఆమెయే ఇంటివద్ద చదువు చెప్పెను. ఆమె వద్ద విజ్ఞానసర్వస్వ సంపుటములు కొన్ని యుండెను. బాలుడు వానినన్నిటిని చదివివేసెను. ఆమె వద్ద చిన్న సూక్ష్మదర్శిని కూడ నొకటి యుండెను. పదునైదవ యేట బెంట్లీ దానితో నీటిబొట్లను, పూరేకులను, పక్షియీకలను పరీక్షించెను. ఒకనాడు మంచు కురియుచుండగా ఒక పలుకును పట్టి దానిక్రింద నుంచి చూచెను. దూరమునుండి దూదిపింజవలె కనబడునది దగ్గరగా చూడ ఆరు రేకుల పువ్వై తోచెను. ప్రతి రేకునకు కొమ్మలు, ఆ కొమ్మలకు మరల చిరుకొమ్మలు, వాని నడుమ సన్నని గీతలు. ఆరును ఒకదానితో నొకటి సరిపోవుచుండెను. బాలుడు ఆనాడు చూచినదానిని జీవితాంతము మరువలేదు.

మంచుపలుకు ఆరు భుజములు కలదని అంతకుముందే పెద్దలు గమనించిరి. ఖగోళశాస్త్రజ్ఞుడు కెప్లరు 1611లో ఈ విషయముననే ఒక చిన్నగ్రంథము వ్రాసెను. 1665లో ఇంగ్లండునందు రాబర్టు హుక్కు సూక్ష్మదర్శినిలో తాను చూచిన మంచుపలుకుల చిత్రములను ప్రకటించెను. అయితే వీరందరి చిత్రములు చేతితో గీసినవి. బెంట్లీయు మొదట అట్లే గీయ మొదలిడెను. మూడు చలికాలములు వందల కొలది బొమ్మలు గీసినను అతనికి తృప్తి కలుగలేదు. సగము గీయునప్పటికి పలుకు కరగిపోవుచుండెను. కరగిన తరువాత మిగిలిన సగమును ఊహతో పూరింపవలసినదే. ఆ ఊహయే అతనికి నచ్చలేదు.

అప్పటికి ఛాయాగ్రహణవిద్య వృద్ధియగుచుండెను. సూక్ష్మదర్శినికి కెమెరాను కూర్చి చిత్రము తీయవచ్చునని బెంట్లీ చదివెను. కాని ఆ పరికరముల వెల నూరు డాలర్లు. ఆ కాలపు రైతునకు అది చిన్న సొమ్ము కాదు. పాలు పిండుట, గడ్డి కోయుట యను పనులుండగా కరగిపోవు మంచును బొమ్మ తీయుటకు నూరు డాలర్లా యని తండ్రి విసుగుకొనెను. తల్లి నచ్చచెప్పి ఎట్లో ఒప్పించెను. తండ్రి సొమ్ము ఇచ్చెనే గాని అది సద్వినియోగమైనదని ఎన్నడును నమ్మలేదు. ఆయనను తప్పుపట్టుటకును వీలు లేదు. ఆ కుటుంబమునకు ఆ కెమెరా వలన ధనలాభము ఎప్పుడును కలుగలేదు.

పరికరము వచ్చినంతమాత్రమున పని కాలేదు. అతి చిన్న వస్తువును పెద్దదిగా చిత్రించుటలో కొన్ని చిక్కులు కలవు. వానిని తెలిసికొన్నగాని బెంట్లీ శ్రమ మనకు తెలియదు. కెమెరాలో కటకమునకును చిత్రము పడు పలకకును నడుమ దూరము పెరిగినకొలది దగ్గరి వస్తువుయొక్క ప్రతిబింబము పెద్దదగును. అందుకై బెంట్లీ కెమెరాకు కొలిమితిత్తివలె సాగుచు ముడుచుకొనుచు నుండు పొడవైన తిత్తి యుండెను. కాని ప్రతిబింబము పెద్దదైనకొలది మసకబారును. ఒకే గరిటెడు పిండిని పెనముపై విశాలముగా పరచినచో అట్టు పలుచనగును గదా! వెలుతురు విషయమును అంతియే. వస్తువునుండి వచ్చు కొద్దిపాటి వెలుతురు పెద్ద పలకపై పరచుకొని పలుచబడును. కావున పలకకు వెలుతురు ఎక్కువసేపు తగులనీయవలెను. ఆ సేపు కెమెరా వెండ్రుకవాసి కదలినను చిత్రము చెడును. ఇది చాలక మూడవ చిక్కు మరియొకటి. ఇంత దగ్గరగా చూచునప్పుడు కటకమునకు స్పష్టముగా కనబడు పొర కాగితమంత పలుచన. చీమ తల స్పష్టముగా నున్నచో దాని నడుము మసకగా నుండును. కటకపు ద్వారమును చిన్నది చేసినచో ఆ పొర కొంత మందమగును. కాని వెలుతురు మరింత తగ్గును. ఒకదానిని దిద్దబోయిన వేరొకటి చెడును.

బెంట్లీకి ఈ చిక్కులను చెప్పి తీర్చువారెవరును లేరు. పలకపై పలక పాడయ్యెను. ఒకప్పుడు వెలుతురు చాలలేదు. ఒకప్పుడు బొమ్మ మసకబారెను. కెమెరా మిక్కిలి పొడవగుటచే, వెనుకనుండి బొమ్మను చూచుచు ముందున్న సూక్ష్మదర్శిని మరను త్రిప్పుటకు అతని చేయి అందకుండెను. అతడు ఒక చక్రమును, దారమును అమర్చి వెనుకనుండియే మరను త్రిప్పు ఉపాయము కల్పించుకొనెను. కటకమునకు అతిచిన్న ద్వారము నుంచి, పలకకు ఎక్కువసేపు వెలుతురు చూపవలెనని క్రమముగా గ్రహించెను. ఇట్లు ప్రయత్నింపగా 1885వ సంవత్సరము జనవరి 15వ తేదీన, మంచు కురియుచుండగా, ఒక్క పలుకు స్పష్టముగా పలకపై నిలిచెను. అప్పటికి అతనికి ఇరువదేండ్లు నిండలేదు. మంచుపలుకును విడిగా సూక్ష్మదర్శినితో ఛాయాచిత్రము తీసిన తొలివారిలో అతడొకడు.

అతడు పని చేయు తీరు మిగుల సాధారణముగా నుండెను. ఇంటివెనుక నిప్పుసెగ లేని కొట్టుగది అతని ప్రయోగశాల. మంచు కురియుచున్నప్పుడు నల్లరంగు వేసిన చెక్కపళ్లెమును వాకిట పట్టును. చేతివేడి తగులకుండుటకై దానికి తీగ పిడులుండెను. పలుకులు పడగానే లోనికి తెచ్చి భూతద్దముతో చూచును. విరిగినవి, అంటుకొన్నవి పళ్లెమునుండి ఈకతో తుడిచివేయును. మంచిది దొరకినచో చీపురుపుల్ల మొనతో దాని నడుమ మెల్లగా తాకి, అంటుకొని వచ్చినదానిని గాజుబిళ్లపై దించును. ఈకతో దానిని బిళ్లకు అదుమును. ఇంతసేపును ఊపిరి బిగబట్టవలసినదే. ఒక్క వెచ్చని ఊపిరి తగిలినచో పువ్వు నీటిబొట్టగును. తరువాత కెమెరాను కిటికీవైపు త్రిప్పి, పలుకు గుండ వచ్చు పగటివెలుతురుతో చిత్రము తీయును. ఈ పనియంతయు ఒకటి రెండు నిమిషములలో ముగియవలెను. మంచుపలుకులు చలిలో కరగకున్నను గాలిలోనికి ఆవిరియై మొనలు మొద్దుబారును. విద్యుద్దీపము లేదు, సహాయకుడు లేడు. ఈ పనిని అతడు నలుబదియారు చలికాలములు చేసి, ఐదువేలకు పైగా చిత్రములు తీసెను.

చిత్రముల విషయమున ఒక వివాదము పుట్టెను. అది చిన్నది కాదు. మంచుపలుకు తెల్లనిది, వెనుకనుండి వచ్చు వెలుతురును తెల్లనిదే. కాబట్టి ముద్రించిన చిత్రమున పలుకు నేపథ్యములో కలిసిపోయి కంటికి ఆనకుండెను. బెంట్లీ ఒక ఉపాయము చేసెను. మొదటి నెగటివుపలకను అట్లే యుంచి దానికి నకలు తీసి, ఆ నకలుపై పలుకు అంచు చుట్టునున్న మందుపూతను పదునైన కత్తితో గీకివేసెను. గీకిన చోటు ముద్రలో నల్లగా పడును. నల్లని నేపథ్యముపై తెల్లని పువ్వు మెరయును. ఒక్కొక్క చిత్రమునకు ఇది గంటల తరబడి పని. చేయి రవంత జారిన పలుకు రూపమే మారును.

జర్మనీలో హెల్‌మన్ అను వాతావరణశాస్త్రజ్ఞుడు 1893లో మంచుపలుకులపై ఒక గ్రంథము ప్రకటించెను. అందు నోయ్‌హౌస్ అను వైద్యుడు తీసిన చిత్రములు కలవు. ఆ చిత్రములలోని పలుకులు అనేకములు వంకరటింకరగా నుండెను; ఆరు రేకులు సమముగా లేవు. బెంట్లీ చిత్రములలో సౌష్ఠవము మెండు. అతడు అంచులను గీకుటలో ప్రకృతిని దిద్దుచున్నాడని హెల్‌మన్ ఆక్షేపించెను. చదువుకొన్న శాస్త్రజ్ఞుడొకవైపు, పల్లెటూరి రైతు ఒకవైపు. అయినను బెంట్లీ వెనుకాడలేదు. తాను గీకునది నేపథ్యమునే గాని పలుకును కాదనియు, దాచిన మూలపలక తనకు సాక్షి యనియు అతని వాదము.

ఈ వాదమున ఎవరిది న్యాయము? నేటి విజ్ఞానమునుబట్టి చూచినచో ఇరువురియందును కొంత నిజము కలదు. ఆకాశమునుండి పడు పలుకులలో అత్యధికభాగము విరిగినవి, ఒరిగినవి, ఒకదానితో నొకటి చిక్కుకొన్నవి. బెంట్లీ వానిని ఈకతో తుడిచి, వేయింటిలో ఒక్క చక్కనిదానిని ఎన్నుకొనెను. అతని సంపుటము చూచి మంచుపలుకులన్నియు ఇట్లే యుండునని తలచుట పొరపాటు. మంచు కురియు ఊరి జాతరలో అందరికన్న చక్కనివారినే వరుసగా నిలిపి చూపినట్లు! ఆ విషయమున హెల్‌మన్ సందేహము సరియైనది. కాని లేని రేకును బెంట్లీ కల్పించెననుట సరికాదు. అతడు చూపిన రూపములవంటివి తరువాతి శాస్త్రజ్ఞులకును లభించినవి. ఎన్నుకొనుట వేరు, కల్పించుట వేరు. సెల్‌ఫోనులో తీసిన చిత్రమును క్షణములో ఎట్లు కావలసిన నట్లు మార్చగల నేటి కాలమున ఈ భేదము మరింత ముఖ్యమైనది. మూలమును చెరపక దాచియుంచుట, చేసిన మార్పును దాచక చెప్పుట అను రెండు పనులను ఆ రైతు ఎవరును అడుగకముందే చేసియుండెను.

వెర్మాంటు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు పెర్కిన్సు ఆ చిత్రములను చూచి మెచ్చి, 1898లో బెంట్లీతో కలిసి ఒక వ్యాసము ప్రకటించెను. అది మొదలు బెంట్లీ తానే వ్రాయ నారంభించెను. 1903లో అతడు ఐదువందల చిత్రములను వాషింగ్‌టనునందలి స్మిత్‌సోనియన్ సంస్థకు పంపెను. ఏ రెండు మంచుపలుకులును ఒక్కరీతిగా నుండవను మాట లోకమున వ్యాపించుటకు అతని వ్రాతలే ముఖ్యకారణము. పాఠశాలలవారికి, చిత్రకారులకు గాజుపలకలను ఒక్కొక్కటి ఐదు సెంట్లకే అమ్ముచుండెను. దూరదేశములవారు వ్రాసి తెప్పించుకొనుచుండిరి. సొంత ఊరివారు మాత్రము అతనిని విచిత్రపు మనిషి యని నవ్వుచుండిరి. ఒకసారి అతడు తన పనిని ఊరివారికి తెలుపగోరి, చిత్రములను తెరపై చూపుచు ఉపన్యసింతునని చాటించెను. ప్రవేశరుసుము లేదు, ఆ సాయంకాలము వాతావరణమును చక్కగా నుండెను. వచ్చినవారు ఆరుగురు.

బెంట్లీ మంచుతోనే తృప్తి పడలేదు. సాలెగూటిపై మంచుబిందువులను, కిటికీ అద్దములపై పేరుకొన్న మంచుతీగెలను చిత్రించెను. వేసవిలో వానచినుకుల వెంట పడెను. చినుకు ఎంత పెద్దదో కొలుచుట ఎట్లు? అది నేలపడగానే చిందిపోవును గదా! 1898 మొదలు 1904 వరకు అతడు చేసిన ఈ పరిశోధనలో ప్రధానసాధనము వంటింటిలోని పిండి. అంగుళము లోతుగా మెత్తని పిండి పోసిన పళ్లెమును వానలో కొన్ని క్షణములు మాత్రమే తెరచి పట్టెను. పడిన ప్రతి చినుకును పిండిలో చిన్న ఉండ కట్టెను. ఆ ఉండలను ఆరనిచ్చి కొలిచెను. ఉండ పరిమాణము చినుకు పరిమాణమునకు సరిపోవునా యను సందేహము తీర్చుకొనుటకు ముందుగా తెలిసిన కొలతగల నీటిబొట్లను పిండిపై వదలి చూచెను. మిక్కిలి పెద్ద చినుకులు ఇంచుమించు ఆరు మిల్లీమీటర్లని తేలెను. అంతకు మించినవి గాలిలోనే చీలిపోవును. ఈ పిండి పద్ధతినే 1943లో లాసు, పార్సన్సు అను అమెరికా శాస్త్రజ్ఞులు మరల ఉపయోగించిరి.

పెద్ద చినుకులలో అనేకములు మేఘములలో మంచుగా పుట్టి దిగునప్పుడు కరగినవే యనియు, కొన్ని చిన్నబిందువులు కలియుటచే ఏర్పడుననియు బెంట్లీ వ్రాసెను. ఆనాడు ఆ మాటను పట్టించుకొన్నవారు అరుదు. అది నిజమని తరువాత తేలినది. ఆకాశమున పర్వతమువలె లేచిన మేఘముపైభాగమున గడ్డకట్టు చలి యుండును. మంచు ఎన్నడును కురియని కోస్తాలోను, తెలంగాణమునను, రాయలసీమలోను ఉరుములతో పడు పెద్దవానలలో సైతము అనేకచినుకులు పైన మంచుపలుకులుగా జీవించి వచ్చినవే. పిండి ప్రయోగమునకు మంచుదేశమే అక్కరలేదు. తొలకరి తుంపరకును, ఉరుములవానకును పళ్లెమును వేరువేరుగా పట్టి, ఆరిన పిండిని జల్లించి, ఉండలను ప్రక్కప్రక్కన పేర్చినచో భేదము కంటికే తెలియును.

మంచుపువ్వు దొరకకున్నను ఇంటిలో స్ఫటికములకు కొదవలేదు. ఉప్పు కలిపిన నీటిని పళ్లెములో పోసి, కదలని చోట కొన్నిదినములు నెమ్మదిగా ఇగురనిచ్చినచో చిన్నచిన్న ఘనములు ఏర్పడును. పటికనీటినుండి ఎనిమిది ముఖములుగల స్ఫటికములు వచ్చును. వీనిని నల్లగుడ్డపై నుంచి, కిటికీప్రక్క వెలుతురు వాలుగా తగులునట్లు చేసి, సెల్‌ఫోను కటకమునకు భూతద్దమును ఆనించి చూచినచో బెంట్లీ ఎదుర్కొన్న చిక్కులన్నియు వరుసగా ఎదురగును. ఫోను చేతితో పట్టినచో బొమ్మ కదలును. పుస్తకముల దొంతిపై నుంచవలెను. ఒక అంచు స్పష్టమైనచో వేరొకటి మసకబారును. ఫోనును గాక స్ఫటికమునే వెండ్రుకవాసి ముందుకు వెనుకకు జరుపుట సులభము. సూటిగా పడు వెలుతురులో చదునుగా తోచిన ముఖములు వాలు వెలుతురులో విడివిడిగా మెరయును. ఇవియన్నియు చదివి తెలిసికొనుటకన్న రెండు మూడు చిత్రములు పాడుచేసి తెలిసికొనుట మేలు.

మంచుపలుకునకు ఆరు భుజములే ఏల? నీటి అణువులు గడ్డకట్టునప్పుడు తేనెపట్టు గదులవలె ఆరుమూలల అమరికతో కూడికొనును. ఆ చిన్న అమరికయే పెద్దరూపమున వ్యక్తమగును. ఒక్కొక్క పలుకు క్రిందికి దిగుచు చలి, తేమ మారుచున్న గాలిపొరల గుండ పోవును. దాని ఆరు రేకులకును ఒకే అనుభవము కలుగుటచే ఆరును ఇంచుమించు ఒక్కరీతిగా పెరుగును. వేరొక పలుకు వేరొక త్రోవను వచ్చును. దాని రూపము వేరు. బెంట్లీ ప్రతి మంచువానకును చలిని, గాలిని, మేఘములను గుర్తు వ్రాసికొని వీని సంబంధము తెలిసికొన ప్రయత్నించెను. ఆ సంబంధమును స్థిరముగా నిరూపించినవాడు జపాను శాస్త్రజ్ఞుడు నకాయ. బెంట్లీ చిత్రములచే ప్రేరణ పొందిన ఇతడు 1936లో హొక్కైడో విశ్వవిద్యాలయపు శీతలగదిలో కుందేటి వెండ్రుకకొనపై కృత్రిమముగా మంచుపలుకును పెంచెను. చలిని, తేమను మార్చినకొలది సూదులు, పలకలు, నక్షత్రములు ఏర్పడినవి. శూన్యమునకు క్రింద పదునైదు డిగ్రీల సెల్సియసు చలిలో, తేమ మెండుగా నున్నచో, కొమ్మలు విరిసిన నక్షత్రములు పెరుగును. బెంట్లీ ఎక్కువగా ప్రేమించినవి అవియే.

1924లో అమెరికా వాతావరణశాస్త్ర సంఘము తన మొట్టమొదటి పరిశోధనా ధనసహాయమును బెంట్లీకి ఇచ్చెను. అప్పటికి అతడు నలుబదేండ్లుగా ఈ పని చేయుచుండెను. వివాహమాడలేదు, అన్నతో కలిసి ఆ పొలముననే పాడి చేసికొనుచుండెను. 1931వ సంవత్సరము నవంబరులో, ప్రభుత్వ వాతావరణశాఖకు చెందిన హంఫ్రీసు అను శాస్త్రజ్ఞుని తోడ్పాటుతో, రెండువేల నాలుగువందలకు పైగా చిత్రములుగల అతని గ్రంథము వెలువడెను. తరువాతి నెలలో అతడు మంచుతుపానులో ఆరు మైళ్లు నడచి ఇల్లు చేరెను. ఆ నడకతో జలుబు పట్టి అది న్యుమోనియాగా మారెను. డిసెంబరు 23వ తేదీన, తాను పుట్టి పెరిగిన జెరికోలోని ఆ ఇంటనే, బెంట్లీ మరణించెను. అతని గాజుపలకలలో అనేకములు న్యూయార్కు రాష్ట్రమందలి బఫెలో విజ్ఞానప్రదర్శనశాలలో భద్రముగా కలవు. తండ్రి విసుగుకొనుచు కొనియిచ్చిన ఆ కెమెరాతోనే అతడు చివరివరకు పని చేసెను.